కంకర దారిలో ఎదురుకోళ్ళ డప్పు

దయ్యాల కథలంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. దొరికినవన్నీ చదివాను. చదివి, పుస్తకం దిండు కింద పెట్టుకుని హాయిగా నిద్రపోయాను. భయపడి లైటు వేసుకుని పడుకున్న రాత్రి ఒక్కటి కూడా లేదు. కథ కథే, బతుకు బతుకే అనుకునేదాన్ని. దయ్యాలున్నాయని ఇప్పటికీ నేను అనను. పోయిన చలికాలం ఒక శుక్రవారం పొద్దున నాకూ మా చిన్నాన్నకూ ఏం జరిగిందో అదే రాస్తున్నాను. దానికేం పేరు పెట్టాలో చదివినవాళ్ళే చెప్పాలి.

నేను దోహాలో ఉంటాను. అల్ మన్సూరాలో ఒక పళ్ళ క్లినిక్‌లో రిసెప్షన్ పని. మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. క్లినిక్‌లో నా గొంతు ఎవరికీ వినపడదు. నేను పేషెంటు పేరు పిలిస్తే పక్క కుర్చీలోని వాళ్ళు ఇంకోసారి గట్టిగా పిలిచి చెప్పాలి. పగలు నోట్లోంచి రాని మాటలన్నీ సాయంత్రం డైరీలో రాసుకుంటాను. గదిలో నాతో ఉండే కేరళ అమ్మాయిలు నన్ను 'లైబ్రరీ' అని పిలుస్తారు.

నాన్న తమ్ముడు మల్లేశం నాకంటే చాలా ముందే ఖతర్ వచ్చాడు. మా వైపు చిన్నాన్నను కాక అంటాం. ఊళ్ళో అందరికీ ఆయన 'దుబాయ్ మల్లేశం'. దుబాయ్ మాత్రం ఆయన ఎన్నడూ చూడలేదు. దోహాకు పడమర, ఎడారిలో, ఒక ఖతరీ ఆసామి ఒంటెలనూ గొర్రెలనూ చూసుకుంటాడు. ఆ చోటును ఇక్కడ ఇజ్బా అంటారు. చుట్టూ కంచె, రేకుల కొట్టాలు, నీళ్ళ ట్యాంకు, మనుషులు పడుకునే ఒక పోర్టా క్యాబిన్, అంతే.

నాన్న పోయాక నన్ను చదివించింది కాక. ఈ ఉద్యోగం చూసి పిలిపించింది కాక. ఈ దేశంలో నాకు 'నా వాళ్ళు' అంటే ఆయన ఒక్కడే.

మాది డప్పు కొట్టే ఇల్లు. తాత, నాన్న, కాక, అందరూ కొట్టినవాళ్ళే. మా వైపు చావుకు ఒక దరువు, చాటింపుకు ఒకటి, బోనాలకు ఒకటి. ఎదురుకోళ్ళకు ఇంకొకటి. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు వచ్చి ఊరి బయట ఆగుతారు. పెళ్ళికూతురి తరఫువాళ్ళు డప్పులతో ఎదురెళ్ళి, వాళ్ళను నడిపించుకుంటూ పందిట్లోకి తీసుకొస్తారు. ఆ నడకకు కొట్టేదే ఎదురుకోళ్ళ దరువు. నా చేతికి ఎవరూ డప్పు ఇవ్వలేదు. చెవి మాత్రం ఆ ఇంటిదే. వంటింట్లో కూర్చుని, దూరంగా మోగే డప్పు వింటూ ఊళ్ళో ఏం జరుగుతోందో చెప్పగలను.

కాక ఉండే చోటికి వెళ్ళాలంటే తారు రోడ్డు వదిలి కంకర దారి పట్టాలి. తారు ముగిసే మూల మీద ట్యాంకర్లు నీళ్ళు నింపుకునే స్టేషన్ ఉంది. అది దాటితే చెట్టు లేదు, స్తంభం లేదు, గుట్ట లేదు. ఎడారి అనగానే ఇసుక తిన్నెలు గుర్తొస్తాయి గానీ ఆ వైపు నేలంతా రాళ్ళూ పాలిపోయిన గట్టి మన్నూ. బల్లపరుపుగా ఉంటుంది. దాని మీద కంకర పోసి కాస్త ఎత్తు చేసిన దారి. ట్యాంకర్లు తిరిగి తిరిగి దాని మీద అడ్డంగా గట్లు లేచాయి. బండి రేకుల కప్పు మీద పోతున్నట్టు దడదడ కొట్టుకుంటుంది. కాక దాన్ని 'రేకుల రోడ్డు' అనేవాడు.

అందుకే ఎవరూ దాని మీద నడపరు. పక్కకు దిగి మెత్తటి మన్ను మీద, ముందు పోయిన బండ్ల జాడల్లో పోతారు. అందరూ అలాగే దిగి దిగి, దారికి అటూ ఇటూ జాడలు పాయలు పాయలుగా చీలిపోయాయి. ఒకటి ఇంకో ఇజ్బాకు పోతుంది, ఒకటి చలికాలపు గుడారాలకు, ఒకటి ఎటూ కాకుండా పోయి ఆగిపోతుంది. ఎండ ఉన్నప్పుడు కంకర దారి తెల్లగా కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి ఎంత దూరం జరిగినా మళ్ళీ ఎక్కేయొచ్చు.

ఆ దారి మీదే కాక నాకు పాత పికప్ నడపడం నేర్పాడు.

"స్టీరింగు అంత గట్టిగ వట్టుకుంటున్నవేంది బిడ్డా? అదేమన్న ఒంటెనా, తెంపుకొని ఉరుకుతందుకు?" అనేవాడు. ఇంకోసారి, "ఈ బండికి భయం తెల్వది, నీకు ధైర్యం తెల్వది. జోడి మంచిగ కుదిరింది" అని పడీ పడీ నవ్వాడు.

పరీక్ష రెండుసార్లు తప్పి, చివరికి లైసెన్స్ తెచ్చుకున్నాను. తెచ్చుకుని పర్సులో పెట్టుకున్నాను. ఒంటరిగా మాత్రం ఎక్కడికీ నడిపింది లేదు.

ఆ వారం కాకతో పనిచేసే సూడాన్ మనిషి సెలవు మీద ఇంటికి వెళ్ళాడు. గొర్రెలు ఈనే కాలం, కాక ఒక్కడే ఉన్నాడు. గురువారం సాయంత్రం దాణా కొనడానికి పట్నం వచ్చినప్పుడు నేనూ ఆయనతో వెళ్ళాను. నేను క్యాబిన్‌లో పడుకున్నాను, ఆయన కొట్టంలో గొర్రెల దగ్గర.

పొద్దున లేచి తలుపు తీస్తే బయట ఏమీ లేదు. కంచె లేదు, ట్యాంకు లేదు, ఆకాశం లేదు. పొగమంచు. చలికాలంలో ఇక్కడ సముద్రం మీంచి వచ్చి కమ్మేస్తుంది. అప్పటికే తెల్లారి చాలాసేపయింది, అయినా చాచిన చెయ్యి చివర మసకబారుతోంది. క్యాబిన్ రేకుల మీంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి.

కొట్టం దగ్గర కాక దాణా బస్తాకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చెయ్యి రొమ్ము మీద ఉంది. ముఖం బూడిద రంగులో, చెమటతో తడిసి ఉంది. అంత చలిలో చెమట.

"ఏంది కాకా?"

"ఏం లేదు. గుండెల మీద ఒంటె కూసున్నట్టున్నది" అన్నాడు. "లెవ్వుమంటె లేస్తలేదు."

ఎడమ చెయ్యి లాగేస్తోందన్నాడు. క్లినిక్ గోడ మీద గుండెపోటు లక్షణాల పటం ఒకటి ఉంది. రోజూ నా కళ్ళెదురుగా ఉంటుంది. అందులో ఉన్నవన్నీ ఆయన ముఖంలో ఉన్నాయి.

అంబులెన్స్‌కు ఫోన్ చేశాను. అక్కడ సిగ్నల్ క్యాబిన్ వెనక ఒక్క చోటే అందుతుంది, అదీ దాని ఇష్టం. నీళ్ళ స్టేషన్ పేరు చెప్పాను. బండి అక్కడికి బయలుదేరుతోందన్నారు. అక్కడి నుంచి ఎటు రావాలో చెప్పమన్నారు. చెబుతుండగానే ఫోన్ తెగింది. మళ్ళీ కలవలేదు.

చెప్పినా ఏం లాభం? ఆ మంచులో, ఆ జాడల మధ్య, రోజూ తిరిగే ట్యాంకరువాళ్ళే మా దొడ్డి కనుక్కోలేరు. వాళ్ళు మా దగ్గరికి రాలేరు. మేమే వాళ్ళ దగ్గరికి పోవాలి.

కాకను ఎలా లేపి పికప్‌లో కూర్చోబెట్టానో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. తాళంచెవి తిప్పి, స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టుకున్నాను. ఆయన చూశాడు.

"యల్లా, నడుపు" అన్నాడు. "ఒంటె గాదది."

కంకర దారి ఎక్కించాను. లైట్లు వేస్తే ముందు తెల్లటి గోడ, తీసేస్తే బూడిద గోడ. అద్దాలు దించి, తల బయట పెట్టి, టైరు కింద కంకర చూసుకుంటూ నడిపాను. కాసేపు బాగానే సాగింది. కానీ ఆ గట్ల మీద బండి కొట్టుకున్నప్పుడల్లా కాక పళ్ళు బిగించి మూలిగేవాడు. ఎప్పుడూ మూలగని మనిషి. నాకు తట్టుకోవడం కష్టమైంది.

అప్పుడు నేను ఆ దారిలో అందరూ చేసే పనే చేశాను. కుదుపులు లేకుండా ఉంటుందని పక్కనున్న మెత్తటి జాడలోకి దిగాను. కంకర కుడి పక్కనే ఉంటుంది కదా, ఎప్పుడంటే అప్పుడు ఎక్కొచ్చు కదా అనుకున్నాను.

కుదుపులు ఆగాయి. కాక మూలుగు ఆగింది. కొంచెం సేపటికి కుడి వైపు చూస్తే కంకర లేదు.

కుడికి తిప్పాను. రాలేదు. ఇంకొంచెం తిప్పాను. టైర్ల కింద మన్నే. జాడలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, విడిపోయి, మాయమవుతున్నాయి. ఏది ఎటు పోతుందో తెలియదు. నేను ఎటు చూస్తున్నానో కూడా తెలియలేదు. బండి ఆపి ఇంజిన్ కట్టేశాను. ఫోన్‌లో సిగ్నల్ గీత ఒక్కటి కూడా లేదు. కాక కళ్ళు మూసుకున్నాడు. పిలిస్తే పెదాలు కదిలించాడు గానీ కళ్ళు తెరవలేదు.

ఆయనను నా చేతులతోనే ఎక్కడికో తీసుకొచ్చి చంపేస్తున్నాననిపించింది.

అప్పుడు డప్పు వినిపించింది.

ముందు ఒకే ఒక్క దెబ్బ. ఎడమ వైపు నుంచి, దూరంగా. తర్వాత ఖాళీ. మళ్ళీ ఒక దెబ్బ. మా ఊళ్ళో చావు దరువు అలాగే మొదలవుతుంది. విడి దెబ్బలు, మధ్యలో ఖాళీ. నేను కాక చెయ్యి పట్టుకున్నాను. వద్దు, వద్దు అని పైకే అన్నాను.

మూడో దెబ్బ తర్వాత ఖాళీ రాలేదు. వెంటనే చిటికెన పుల్ల అందుకుంది. డప్పును ఒక చేత లావు కర్రతో, ఇంకో చేత సన్నటి పుల్లతో కొడతారు. ఆ సన్నపుల్ల చిటపట పేలుతూ ఉరికింది. దాని వెనక లావు కర్ర అడుగు వేసింది. అది చావు దరువు కాదు. మనుషులు నడిచే దరువు. ఎదురుకోళ్ళ దరువు.

కాక కళ్ళు తెరవలేదు. కానీ స్పష్టంగా అడిగాడు.

"ఎవల పెండ్లే బిడ్డా?"

నేను వినలేదు అనుకోవడానికి వీల్లేకుండా చేసిన మాట అది. నేను ఏమీ చెప్పకముందే ఆయన విన్నాడు.

"తెల్వది కాకా" అన్నాను. ఇంజిన్ వేశాను.

కంకర కుడి వైపు ఉండాలి. చప్పుడు ఎడమ నుంచి వస్తోంది. బుద్ధి కుడికి తిప్పమంది. నేను ఎడమకు తిప్పాను. ఎందుకని అడిగితే ఒకటే జవాబు: ఎదురుకోళ్ళకు వచ్చినవాళ్ళు ముందు నడుస్తారు, మనం వెనక పోతాం. పుట్టినప్పటి నుంచీ అలాగే చూశాను. ఇంకో ఆలోచన రాలేదు.

చప్పుడు సరిగ్గా ముందుకు వచ్చేదాకా తిప్పి, దాని వెనక పోయాను. ఇంజిన్ రొదలో కూడా వినిపిస్తోంది. కొద్దిగా పక్కకు పోతే దరువు ఒక చెవిలోకి జరిగేది, సరిచేసుకుంటే మళ్ళీ ఎదురుగా నిలిచేది. కాసేపటికి టైర్లు దడదడమన్నాయి. రేకుల రోడ్డు! ఆ కుదుపు అంత తియ్యగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఇక దిగలేదు. కాక మూలిగినా దిగలేదు. "ఓర్చుకో కాకా, ఎదురుకోళ్ళకు వచ్చిండ్రు, మనం పోతన్నం" అని అరిచాను. అరిచాననే రాస్తున్నాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. గేరు మార్చి వేగం పెంచాను. దరువు కూడా అంతే ముందు ఉంది. దగ్గర కాలేదు, దూరం కాలేదు. భయం ఎక్కడ పోయిందో తెలియదు. ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, బండి నడుపుతున్నాను. మా నాన్న ముందు నడుస్తుంటే పెళ్ళివాళ్ళ మధ్య గంతులేసిన చిన్నపిల్లలా ఉంది నాకు.

మంచులో ఎర్రటి వెలుగు తిరగడం కనిపించింది. అంబులెన్స్. టైర్ల కింద తారు తగిలి బండి ఒక్కసారిగా నున్నగా జారింది. అదే క్షణం డప్పు, గట్టిగా రెండు ముగింపు దెబ్బలు వేసి ఆగింది. పెళ్ళివాళ్ళు పందిట్లో అడుగు పెట్టగానే ఆపే తీరు అది.

అంబులెన్స్‌లో వచ్చినవాళ్ళలో ఒకతను మలయాళీ. కాకను స్ట్రెచర్ మీదికి ఎక్కించి, మందు నాలుక కింద పెట్టి, వైర్లు తగిలించాక, నన్ను హిందీలో అడిగాడు, ఆ వైపు ఉత్సవం ఏదైనా జరుగుతోందా అని. మా బండి లైట్లు కనపడక ముందు నుంచే చప్పుడు వింటున్నారట. వాళ్ళ కేరళ గుళ్ళలో కొట్టే చెండలాగా ఉందన్నాడు.

"చెండ కాదు, డప్పు" అన్నాను. "మాది. మా ఇళ్ళల్లో కొట్టేది."

అంత గట్టిగా చెప్పాను కాబోలు, డ్రైవర్ కూడా వెనక్కి తిరిగి చూశాడు. మా ఇళ్ళ గురించి పరాయివాళ్ళకు అలా చెప్పడం నాకు అదే మొదటిసారి.

ఆసుపత్రిలో కాక గుండె రక్తనాళం మూసుకుపోయిందని అప్పటికప్పుడు తెరిచారు. ఇంకాస్త ఆలస్యమైతే చేయడానికి ఏమీ ఉండేది కాదని డాక్టరు చెప్పింది. ఎవరు తీసుకొచ్చారని అడిగింది. నేనే అన్నాను. ఆ మంచులోనా అంది. అవునన్నాను.

ఇక సాక్ష్యాలు. నేను దీని గురించి చాలా ఆలోచించాను. నమ్మకంతో కాదు, అనుమానంతోనే ఆలోచించాను.

పికప్‌లో రేడియో లేదు. ఎప్పుడో పీకేశారు, అక్కడ వైర్లు మాత్రమే వేలాడుతుంటాయి. నా ఫోన్ ఒళ్ళో ఉంది, అందులో ఏమీ మోగలేదు.

గుడారాల్లో అరబ్బులు పాటలు పెట్టుకుంటారు, డోళ్ళు కూడా కొడతారు. కానీ ఎక్కువగా చేత్తో కొడతారు. నేను విన్నది సన్నపుల్ల దెబ్బ. దాన్ని ఇంకో దానితో నేను పొరబడను. పైగా ఒకచోట మోగే డోలు మా ముందు తారు రోడ్డు దాకా ఎలా వస్తుంది? నడిచే మనిషి అంత దూరం నా బండికి ముందు ఎలా ఉంటాడు?

అన్నిటికంటే నన్ను తొలిచేది ఇంకొకటి. డప్పు తోలు తడిని పీల్చుకుంటుంది. ముసురు రోజు డప్పు కొట్టాలంటే గడ్డి మంట వేసి కాచాలి. లేకపోతే గోనెసంచిని కొట్టినట్టు పలుకుతుంది. ఆ పొద్దున గాలే నీళ్ళుగా ఉంది. ఆ డప్పు మాత్రం అప్పుడే మంట మీంచి తీసినట్టు ఖంగుమంది.

తర్వాత వారం ఆసామి నన్ను తన బండిలో అక్కడికి తీసుకెళ్ళాడు. కాక మీద ప్రేమ ఉన్న మనిషి. వాన లేదు, గాలి లేదు, నా టైరు జాడలు ఇంకా ఉన్నాయి. కంకర దిగిన చోటు కనిపించింది. అక్కడి నుంచి నేను కుడికి తిప్పుతూ, గట్లు అరిగిపోయిన ఒక చోట కంకర దారిని నాకు తెలియకుండానే అడ్డంగా దాటేసి, అవతల పెద్ద సున్నా చుట్టాను. అందుకే దారి ఎడమకు వచ్చింది. ఆగిన చోట మన్ను లోతుగా నలిగి ఉంది. అక్కడి నుంచి కంకర దాకా జాడ దారం లాగి పట్టినట్టు తిన్నగా ఉంది. నేను కళ్ళు తెరిచి పట్టపగలు కూడా అంత తిన్నగా నడపలేను.

ఆ జాడకు ముందు గానీ పక్కన గానీ అడుగులు లేవు. ఆసామి వంగి, చాలా దూరం నడిచి చూశాడు. "మాఫీ నఫర్" అన్నాడు. మనిషెవరూ లేరు. నా తల మీద చెయ్యి పెట్టి ఏదో చదువుకున్నాడు.

అమ్మకు ఫోన్‌లో చెబితే, మీ తాతే వచ్చాడంది. నేనూ అలా అనుకోవాలనే అనుకున్నాను. కానీ కాక ఒప్పుకోలేదు. వార్డులో లేచి కూర్చోగలిగిన రోజున నన్ను దగ్గరికి పిలిచి, రహస్యంలా చెప్పాడు.

"మీ తాత గాదే. మా బాపు చెయ్యి నాకు తెల్వదా? అది మనూరి దెబ్బనే గాదు. ఆఖర్ల ఒక మలుపు కొట్టిండు సూడు, అసొంటిది నేనెన్నడు ఇనలే. ఎవడోగని మొనగాడు."

ఆ మలుపు నేనూ విన్నాను. దరువు తిరిగి మొదటికి వచ్చే చోట సన్నపుల్ల ఒక్క క్షణం వెనకబడి, పడిపోతుందేమో అనిపించి, ఎగిరి అందుకుంటుంది. కాక అన్నం ట్రే మీద రెండు చెంచాలతో దాన్ని పట్టుకోవాలని చూశాడు. నర్సు వచ్చి, గుండెకు విశ్రాంతి కావాలని చెంచాలు లాక్కుంది. "గుండెకే గదా, చేతులకు గాదు గదా" అన్నాడు నాతో. ఆమెకు తెలుగు రాదు కాబట్టి సరిపోయింది.

ఊళ్ళో పెద్దవాళ్ళకు వాయిస్ మెసేజ్‌లో నోటితో పలికి పంపాడు. మెట్‌పల్లి వైపు అడిగారు, ఆర్మూరు వైపు అడిగారు. అలాంటిది మా దగ్గర లేదన్నారు అందరూ. దోహా శివార్లలోని ఏషియన్ టౌన్‌లో క్రికెట్ చూడటానికి వచ్చే మన వైపు కుర్రాళ్ళను కూడా ఆపి వినిపించాడు. ఎవరూ గుర్తుపట్టలేదు.

ఎవరు కొట్టారో నాకు తెలియదు. మేం ఆయనకు ఏమవుతామో తెలియదు. పుస్తకాల్లో వెతికాను, డైరీలో పేజీలు నింపాను, ఏ వివరణా చివరిదాకా నిలబడలేదు.

కాక ఇప్పుడు బరువులు ఎత్తడు. దాణా బస్తాలు కొత్తగా వచ్చినతను మోస్తాడు. ఖాళీగా ఉన్నప్పుడు కాక గొర్రెల నీళ్ళ బకెట్ బోర్లించి, రెండు పుల్లలు తీసుకుని, ఆ మలుపు కోసం కొడుతూ ఉంటాడు. కుదిరిందనిపిస్తే క్యాబిన్ వెనక్కి వెళ్ళి నాకు ఫోన్ చేస్తాడు. నిన్న కూడా చేశాడు. నేను క్లినిక్‌లో అందరి ముందే స్పీకర్ పెట్టి విన్నాను.

"ఇదేనా?"

"కాదు కాకా. దగ్గరకొచ్చినవ్, ఇది గాదు."

"సూత్త ఉండు. నాకింక శానా టైమున్నది" అని నవ్వి, మళ్ళీ మొదలుపెట్టాడు.